సంఘానికీ సంఘానికీ నడుమ: పశ్చిమ నెల్లూరు మెట్టలో తొలి క్రైస్తవుల వెలి

తెలుగు ప్రొటెస్టెంట్ క్రైస్తవుల వాడుకలో 'సంఘం' అనే మాటకు విశ్వాసుల సమూహం అని అర్థం. సంఘపెద్ద, సంఘకాపరి, సంఘారాధన అన్న పదబంధాలన్నీ ఈ అర్థంలోనే ఏర్పడ్డాయి. అదే మాట సామాన్య తెలుగులో సమాజమంతటినీ సూచిస్తుంది. అందువల్ల 'సంఘబహిష్కారం' అన్న సమాసానికి తెలుగు క్రైస్తవ చరిత్రలో రెండు అర్థాలు ఏకకాలంలో చెల్లుతాయి. ఊరు మనిషిని వెలివేయడం ఒకటి, విశ్వాసుల సమూహం మనిషిని వెలివేయడం మరొకటి. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్ట ప్రాంతంలో క్రైస్తవం స్వీకరించిన మాదిగ కుటుంబాలు ఈ రెండు అర్థాలనూ అనుభవించాయి. మొదటి వెలిని గురించి మిషనరీల రచనలు విస్తారంగా చెప్పాయి. రెండోదాన్ని అవి క్రమశిక్షణగా పేర్కొని ముందుకు సాగాయి. ఈ రెండూ ఒకే కారణం నుంచి పుట్టాయనీ, ఒకదాన్ని తప్పించుకొన్నవాడు రెండోదానిలో చిక్కుకొనే విధంగా అవి అమరి ఉన్నాయనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇటువంటి స్థితి క్రైస్తవ చరిత్రకు కొత్త కాదు. రోమన్ సామ్రాజ్యంలో తొలి మూడు శతాబ్దాల క్రైస్తవుల కథను సింహాల బోను, చితిమంట, ఖడ్గం అన్న చిత్రాలతో చెప్పుకోవడం పరిపాటి. చరిత్రకారులకు అంతకంటె ఎక్కువ ఆధారాలు మిగిల్చిన ఘట్టం వేరు. క్రీ.శ. 250లో డేసియస్ చక్రవర్తి సామ్రాజ్యవాసులందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్లు అధికారుల ధ్రువపత్రం పొందాలని శాసించాడు. ఈజిప్టు ఇసుకలో దొరికిన పపైరస్ పత్రాలలో అటువంటివి నలభైకి పైగా ఉన్నాయి. కొందరు బలి నిరాకరించి చెరసాల పాలయ్యారు. చాలామంది బలి అర్పించారు. మరికొందరు బలి అర్పించకుండా లంచమిచ్చి పత్రం మాత్రం సంపాదించారు. హింస సద్దుమణిగిన తరువాత అసలు కలహం మొదలైంది. పడిపోయినవారిని తిరిగి చేర్చుకోవచ్చునా, చేర్చుకొంటే ఎవరి మాట మీద, ఎంత ప్రాయశ్చిత్తంతో? కార్తేజ్ బిషప్ సిప్రియన్ ఈ ప్రశ్నలతో సతమతమయ్యాడు. రోములో నొవేషియన్ అనుచరులు క్షమాపణే కూడదని విడిపోయారు. క్రీ.శ. 303లో డయొక్లీషియన్ కాలంలో గ్రంథాలను అధికారులకు అప్పగించినవారి విషయమై ఉత్తర ఆఫ్రికాలో ఇదే తగవు మళ్లీ చెలరేగి, డొనాటిస్టు చీలికగా శతాబ్దాలపాటు సాగింది. బయటి హింస కొద్ది సంవత్సరాలది. లోపలి చీలిక తరతరాలది.

నెల్లూరు మెట్టలో చక్రవర్తి శాసనం లేదు. ప్రాణహాని ప్రధానం కాదు. రోము నుంచి ఇక్కడికి తెచ్చుకోదగినది ప్రశ్న మాత్రమే. పడిపోవడం అంటే ఏమిటి? దానిని నిర్ణయించేది ఎవరు?

*మెట్ట, మాదిగవాడ*

ఉదయగిరి అనగానే సాహిత్య విద్యార్థికి 1514లో గజపతుల నుంచి కృష్ణదేవరాయలు గెలుచుకొన్న దుర్గం గుర్తుకు వస్తుంది. ఈ వ్యాసానికి సంబంధించినది దుర్గం కాదు, దాని కింద పరచుకొన్న మెట్ట. పడమట వెలికొండలు, వాటి ఆవల కడప సీమ. తూర్పున ఆత్మకూరు మీదుగా పెన్న నెల్లూరు వైపు దిగుతుంది. డెల్టాలోని మాగాణి సిరి ఈ పల్లెలకు లేదు. వాన, చెరువు, బావి అనే మూడింటి మీదనే సేద్యం. బావి నుంచి నీరు తోడేది కపిల. కపిలకు కావలసినది తోలుబాన. తోలుబాన కుట్టేవాడు మాదిగ. ఎడ్ల పట్టెడలు, చెప్పులు, తాళ్లు కూడా ఆ చేతి నుంచే రావాలి. ప్రతిఫలం కళ్లం దగ్గర కొలిచే మేర. చచ్చిన పశువు మాదిగకు చెందుతుంది. దాని చర్మం ఊరికి వస్తువులై తిరిగి వస్తుంది, మాంసం అతని ఇంటి ఆహారం. పోలేరమ్మ జాతరకు, అంకమ్మ కొలుపుకు డప్పు కొట్టడం, బలి పశువుకు సంబంధించిన పనులు చేయడం కూడా ఈ ఏర్పాటులో భాగమే. వృత్తి, తిండి, కొలుపు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఒక పోగు లాగితే నేత మొత్తం కదిలేది.

అమెరికన్ బాప్టిస్టు మిషను నెల్లూరులో 1840లో స్థిరపడింది. శామ్యూల్ డే నాటిన ఈ కేంద్రం పాతికేళ్లపాటు ఫలితం లేనిదిగా పేరు పొంది, అమెరికాలో 'ఒంటరి నక్షత్రం' అనే బిరుదు తెచ్చుకొంది. దానిని మూసివేయాలన్న చర్చ ఒకటికి మూడుసార్లు జరిగింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. నాటి ఒంగోలు, కనిగిరి, పొదిలి ప్రాంతాలన్నీ నెల్లూరు జిల్లాలోనివే. ఒంగోలు తాలూకా 1904లో కొత్తగా ఏర్పడిన గుంటూరు జిల్లాకు, తరువాత 1970లో ప్రకాశం జిల్లాకు చేరింది. కనుక నేటి జిల్లా సరిహద్దులతో ఈ ఉద్యమాన్ని విభజించి చదవడం సరికాదు. ఉదయగిరిలో మిషను కేంద్రం 1885లోనూ, ఆత్మకూరులో 1893లోనూ ఏర్పడ్డాయి. అప్పటికే ఉద్యమం రెండు దశాబ్దాల నాటిది, దాని నియమాలు స్థిరపడినవి. ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల క్రైస్తవులు ఆ నియమాలను తయారుగా అందుకొన్నారు.

ఆ నియమాల పుట్టుక తాళ్లకొండపాడు అనే పల్లెలో ఉంది. యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. అతడు ఏమీ తెలియక మిషను వైపు నడిచినవాడు కాడు. అంతకుముందే రాజయోగ బోధ అందుకొన్న సాధకుడు. విగ్రహాన్ని, కులభేదాన్ని నిరసించే అచల, యోగ సంప్రదాయాలు పోతులూరి వీరబ్రహ్మం కాలం నుంచి ఈ సీమలలో అంటరాని వాడల దాకా వ్యాపించి ఉన్నాయి. వీరబ్రహ్మం శిష్యుడు కక్కయ్య మాదిగ అన్న ఐతిహ్యం ప్రసిద్ధమే. పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. 1867 జనవరిలో క్లౌ ఆ పల్లెకు వెళ్లినప్పుడు 28 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీ చరిత్రలు దీనిని శూన్యంలో నుంచి వెలసిన అద్భుతంగా వర్ణించడానికి ఇష్టపడతాయి. క్లౌ మరణానంతరం వెలువడిన ఆత్మకథ, ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగలను గురించి ప్రచురించిన గ్రంథం ఇందుకు మినహాయింపు. గురుపరంపరల పూర్వరంగాన్ని అవి గుర్తించాయి. డేవిడ్ డౌనీ 1893 నాటి మిషను చరిత్ర కంటె తెలుగు పరిశోధకులకు ఈ రెండు పుస్తకాలే ఎక్కువ ఉపకరిస్తాయి.

*మూడు నియమాలు*

బాప్తిస్మం కోరేవారికి క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువు మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. నిరక్షరాస్యులకు సైతం నోటికి వచ్చే ఈ మూడు మాటలు పైకి మతనియమాలు మాత్రమే. పై పరిచ్ఛేదంలోని గ్రామ వ్యవస్థ పక్కన పెట్టి చదివితే మూడూ మూడు సేవల నిరాకరణలు.

ఆదివారం పని మానడమంటే కోతల రోజుల్లో రైతు పిలుపును కాదనడం, అధికారుల రాకపోకలకు చేయవలసిన వెట్టిని కాదనడం. చచ్చిన పశువును తినకపోవడం ఆహారనియమంగా ముగిసేది కాదు. పశువును ఈడ్చుకుపోయే బాధ్యతా, చర్మం మీద హక్కూ ఆ మాంసంతో కలిసే ఉన్నాయి. మాంసం వదిలినవాడు కళేబరాన్ని ఎందుకు మోయాలని తానే అడిగాడు. కళేబరం మోయనివాడికి మేర ఎందుకివ్వాలని ఊరు అడిగింది. విగ్రహపూజ విషయంలో చిక్కు మరీ సూక్ష్మమైనది. మాదిగ పోలేరమ్మ ముందు డప్పు కొట్టేది భక్తితోనా, వృత్తిగానా? ఊరి దృష్టిలో డప్పు మోగకపోతే కొలుపు జరగదు. కొలుపు జరగకపోతే మశూచి వచ్చినా, వాన రాకపోయినా నేరం డప్పు మానినవాడిదే.

బితూనియా ప్రాంతాధిపతి ప్లినీ క్రీ.శ. 112 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖలో ఒక విషయం ఇక్కడ వెలుగునిస్తుంది. క్రైస్తవులు పెరిగిన ఊళ్లలో ఆలయాలు బోసిపోయాయనీ, బలిమాంసం కొనేవారు కరవయ్యారనీ అతడు గమనించాడు. తన చర్యల తరువాత వ్యాపారం మళ్లీ పుంజుకొంటోందని తృప్తి పడ్డాడు కూడా. దైవద్రోహమన్న అభియోగం వెనుక సంతలో తగ్గిన బేరం ఉంది. నెల్లూరు మెట్టలో తగ్గినది బేరం కాదు, శ్రమ. అది అంతకంటె తీవ్రమైన నష్టం, ఎందుకంటే డబ్బు పెట్టి మరొకచోట కొనుక్కోదగిన శ్రమ కాదది. మాదిగ తప్ప మరెవరూ ముట్టని పని.

ఊరి ప్రతిచర్య క్రమం క్లౌ రచనలో స్పష్టంగా కనిపిస్తుంది. కోమటి దుకాణంలో సరుకు అమ్మకుండా కట్టడి, నీటి రేవుకు రానివ్వకపోవడం, కూలి నిలుపుదల, దొంగతనం నేరం మోపి పట్టించడం. ఇందులో ప్రధాన పాత్రధారులు కరణం, మునసబు. వీరు ప్రభుత్వోద్యోగులు. 1858 నాటి విక్టోరియా రాణి ప్రకటన మత విషయాల్లో ప్రభుత్వం జోక్యం చేసుకోదన్నది. 1850 నాటి చట్టం మతం మారినవారి వారసత్వ హక్కును కాపాడింది. కాని వారసత్వంగా రావలసిన భూమి లేని కుటుంబానికి ఆ చట్టంతో ఏం పని? మరోవైపు మద్రాసు ప్రభుత్వపు 1816 నాటి పదకొండో రెగ్యులేషను, చిన్న నేరాలకు కింది కులాలవారిని బొండకొయ్యలో బిగించే అధికారాన్ని గ్రామ మునసబుకు ఇచ్చింది. రోములో సామాన్య క్రైస్తవుడి మీదికి వచ్చినది రాజ్యం. ఇక్కడ కచేరీలో కూర్చున్న రాజ్యం తటస్థమనిపించుకొంటూనే, చావడిలో కూర్చున్న రాజ్యం బొండకొయ్య చూపించింది. మిషనరీ దొర కలెక్టరుకు అర్జీ పెట్టగలడు. అర్జీ విచారణకు వచ్చేసరికి సాక్ష్యం చెప్పవలసినది మళ్లీ ఆ ఊరివాళ్లే.

సాక్షి అన్న మాటను ఇక్కడ కొంత ఆగి చూడాలి. విశ్వాసం కోసం మరణించినవాడిని గ్రీకులో 'మార్తుస్' అన్నారు. దాని మూలార్థం సాక్షి. తెలుగు క్రైస్తవులు దానికి 'హతసాక్షి' అన్న సమాసం కల్పించుకొన్నారు. గ్రీకు పదంలో లేని చావును పేరులోనే చేర్చడం ఇందులోని విశేషం. ఈ సమాసాన్ని ప్రమాణంగా తీసుకొంటే ఉదయగిరి, ఆత్మకూరు సీమల తొలి క్రైస్తవుల చరిత్రలో హింస దాదాపు లేనట్లే అనిపిస్తుంది. వాళ్లు హతులు కాలేదు. నీళ్లు, ఉప్పు, మేర, కూలి ఆగిపోయినవాళ్లు. ఆకలికి ఆగలేక వారంలోనో నెలలోనో తిరిగి డప్పు అందుకొన్నవాళ్లు. మరణం లేనందువల్ల వీరి కథ హతసాక్షుల గాథగా నిలవలేదు. లొంగిపోవడం వల్ల విశ్వాసవీరుల పట్టికలోనూ చేరలేదు. మిషను వార్షిక నివేదికల గణాంక పట్టికలలో బాప్తిస్మం పొందినవారి వరుస పక్కనే బహిష్కృతులు, పునఃప్రవేశం పొందినవారు అన్న వరుసలు ఉంటాయి. వీరి చోటు ఆ అంకెలలో.

*బల్ల*

తెలుగు సంఘాల వాడుకలో ప్రభురాత్రి భోజన సంస్కారాన్ని 'బల్ల' అంటారు. దోషికి విధించే శిక్ష బల్ల ఆపడం. ఊళ్లో పంక్తి ఎరుగని మనిషికి తొలిసారి అందరితో కలిసి రొట్టె, ద్రాక్షరసం అందిన చోటు ఆ బల్ల. దానిని కోల్పోవడం లోకదృష్టికి స్వల్పమే. అతనికి మాత్రం ఎదిగిన ఎత్తు నుంచి కింద పడటం.

నియమభంగం విచారించేది ఎవరన్న ప్రశ్నకు క్లౌ ఇచ్చిన సమాధానం ఆసక్తికరమైనది. మాదిగవాడల్లో అప్పటికే ఉన్న పెద్దల పంచాయతీని అతడు తోసిపుచ్చలేదు. ఆ పెద్దలనే సంఘపెద్దలుగా నిలిపి, కుల కట్టుబాటుకు వాడిన యంత్రాంగాన్నే సంఘ కట్టుబాటుకు వాడాడు. దీనివల్ల ఉద్యమం వేళ్లూనుకొంది. నిర్ణయం తెలుగులో, వాడలో, తమవారి మధ్య జరిగింది. అయితే కుల పంచాయతీ బలంతో పాటు దాని కాఠిన్యమూ వచ్చింది. కులం తప్పినవాడికి పూర్వం విధించిన 'వెలి' అన్న శిక్షే ఇప్పుడు నియమం తప్పినవాడికి విధించారు. పేరు మారలేదు, విధించే పెద్దలూ చాలాచోట్ల మారలేదు. మారినది నేరం. నిన్నటిదాకా డప్పు కొట్టకపోవడం నేరం, నేటి నుంచి డప్పు కొట్టడం నేరం.

సిప్రియన్ కాలపు కార్తేజ్‌లో పడిపోయినవారికి ఒక ఆశ్రయం ఉండేది. చెరసాలలో హింసను తట్టుకొన్న సాక్షులు, బలహీనులను క్షమించమని బిషప్పుకు సిఫారసు పత్రాలు రాసి ఇచ్చేవారు. అధికారం ఒకరిది, నైతిక ప్రతిష్ఠ మరొకరిది. ఆ రెండింటి పెనుగులాటలోనే ప్రాయశ్చిత్త విధానం రూపు దిద్దుకొంది. నెల్లూరు మెట్టలో ఇటువంటి మధ్యవర్తులు ఎదగలేదు. ఊరి వెలిని తట్టుకొని నిలిచినవాడే తరచు బోధకుడయ్యాడు. 1872లో రామపట్నంలో స్థాపించిన వేదాంత పాఠశాల అటువంటివారిని శిక్షణకు చేర్చుకొంది. నిలిచినవాడే తీర్పరి అయినప్పుడు నిలవలేనివాడి పక్షాన మాట్లాడే గొంతు తగ్గిపోతుంది. పైగా బోధకుడి జీవనం కొంతవరకు వాడవారు ఇచ్చే ధాన్యం మీద, కొంతవరకు మిషను జీతం మీద నడిచేది. మేర పోగొట్టుకొన్న వాడ, బోధకుడికి ఏం కొలుస్తుంది? సంఘాలు స్వపోషకం కావాలన్న మిషను పట్టుదల మాగాణి పల్లెకు ఒక లెక్క, మెట్ట పల్లెకు మరొక లెక్క. ఈ తేడాను నివేదికలు ఎక్కువగా భక్తిలో తేడాగా చదివాయి. అది అన్యాయమైన పఠనం.

బల్ల దగ్గరి మరో చిక్కు కులం. ఒంగోలులో తొలినాళ్లలోనే అది బయటపడింది. మాదిగలను చేర్చుకొంటే తాము రాలేమని పై కులాల ఆసక్తిపరులు క్లౌకు చెప్పారు. అతడూ అతని భార్యా వేర్వేరు గదుల్లో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించిందన్నది మిషను వృత్తాంతాల్లో సుప్రసిద్ధం. దేవుడు లోకంలో నీచులైనవారిని ఏర్పరచుకొన్నాడన్నది ఆ భాగపు సారాంశం. ఆ నిర్ణయంతో ఉద్యమం మాదిగలది అయింది. అదే పత్రిక పదకొండో అధ్యాయంలో, ప్రభు భోజనానికి కూడిన సంపన్నులు ముందే తినేసి పేదలను ఆకలితో ఉంచుతున్నారని పౌలు మందలిస్తాడు. మొదటి అధ్యాయం ఎవరిని పిలవాలో చెప్పింది. పదకొండో అధ్యాయం పిలిచినవారు కలిసి ఎలా తినాలో చెప్పవలసి వచ్చింది. తెలుగు సంఘాల చరిత్ర మొదటి అధ్యాయాన్ని గుర్తుంచుకొన్నంతగా పదకొండోదానిని గుర్తుంచుకోలేదు.

బాప్టిస్టు సంఘం మాదిగల సంఘమనిపించుకోగానే మాలలు దూరంగా నిలిచారు. వెలికొండల ఆవల కడప సీమలో లండన్ మిషను సంఘాలలో మాలలే అధికులు కావడంతో అక్కడ మాదిగలు దూరమయ్యారు. కుడిచేతి, ఎడమచేతి కులాల పాత వైరం మిషను సరిహద్దుల రూపం ధరించింది. విశ్వాసాన్ని బట్టి కాక వాడను బట్టి ఏ మిషనులో చేరాలో తేలిపోయిన సందర్భాలను చూస్తే, కులాన్ని వదలమన్న సంఘం కులం గీసిన గీత మీదనే నిలబడిందని ఒప్పుకోక తప్పదు.

*క్షామం*

1876–78 క్షామం ఈ కథలో అందరికీ తెలిసిన ఘట్టం గనుక ఇక్కడ ఒక అంశానికే పరిమితం కావడం చాలు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని క్లౌ గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. ఆ కాలంలో పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటికోసం వస్తున్నారన్న నిందకు తావివ్వకూడదన్నది కారణం. 1878 జూన్‌లో ద్వారాలు తెరిచాక, జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. జూలై 2, 3, 4 తేదీల మొత్తం 3,536.

పదిహేను నెలల నిరీక్షణను మిషను చరిత్రలు నిజాయితీకి పరీక్షగా కీర్తించాయి. పరీక్ష పెట్టినవారి దృష్టి నుంచి అది సబబే. పరీక్షకు నిలిచినవారి దృష్టి నుంచి ప్రశ్న వేరుగా ఉంటుంది. తిండి కోసం పోలేరమ్మ ముందు డప్పు కొట్టేవాడిని ఊరు ఏనాడూ అనుమానించలేదు. తిండీ దేవుడూ కలిసి ఉండటం ఊళ్లో సహజం. సంఘంలోకి వచ్చేటప్పుడు మాత్రం అతడు ఆకలిని గుమ్మం బయట విడిచి రావాలి. ఆకలితో వచ్చినవాడి విశ్వాసం కల్తీదన్న సూత్రం సువార్తలలో కనిపించదు. ఐదువేలమందికి రొట్టెలు పంచిన ఘట్టం అక్కడే ఉంది. దాతల అనుమానం నుంచి పుట్టిన సూత్రమిది. ఈ సూత్రమే తరువాతి కాలంలో 'గంజి క్రైస్తవులు' అన్న ఎగతాళికి బలమిచ్చింది.

*పత్రాలు, పేర్లు*

కరణం, మునసబుల వారసత్వపు పదవులు ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయ్యాయి. కపిలలు అంతకుముందే మూలపడ్డాయి. మేరకు, కళేబరానికి ఉన్న ముడి చాలావరకు వీడింది. రెండు సంఘాల మధ్య నిలబడవలసిన అవసరం మాత్రం కొత్త రూపంలో మిగిలింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ మతస్థులకు మాత్రమే షెడ్యూల్డు కులాల హోదా ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది. క్రైస్తవం స్వీకరించిన మాల, మాదిగలకు ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల 'సి' వర్గం కింద 1 శాతం రిజర్వేషను దక్కింది. వాడ మారలేదు, బావి దగ్గరి చూపు పూర్తిగా మారలేదు, ధ్రువపత్రం మాత్రం మారాలి. మార్చుకోనివాడు ఆదివారం ఒక పేరుతో, కచేరీలో మరొక పేరుతో బతకడం పల్లెలకు కొత్త సంగతి కాదు.

దీనిని డేసియస్ కాలపు పత్రంతో పోల్చాలన్న ఆకర్షణ బలంగా ఉంటుంది. పోలిక కొంతవరకే నడుస్తుంది. ఆ పత్రం వెనుక చావు భయం ఉంది. ఈ పత్రం వెనుక ఉన్నది, అంటరానితనం చేసిన నష్టానికి రాజ్యాంగం చెల్లిస్తానన్న పరిహారం. పరిహారం కోరడం బలి అర్పించడం కాదు. ఐనా రెండు సందర్భాల్లోనూ మనిషి విశ్వాసం ఒక కాగితం మీద ఒక్క మాటగా కుదించబడింది. ఆ కాగితం పట్టుకొన్నవాడిని లోపలివారు ద్వంద్వజీవి అన్నారు, బయటివారు మోసగాడు అన్నారు. కార్తేజ్‌లో బలి అర్పించకుండా పత్రం మాత్రం కొన్నవారిని, బలి అర్పించినవారితో సమానంగా చూడరాదని సిప్రియన్ చివరకు అంగీకరించాడు. ఆ వివేచనను తెలుగు సంఘాలు తమ సభ్యుల విషయంలో బాహాటంగా చర్చకు పెట్టడం అరుదు.

సాహిత్య చరిత్రకారులకు ఇందులో మరొక పని ఉంది. డప్పు విడిచిన వాడ డప్పుతో పాటు కొంత వాఙ్మయాన్నీ విడిచింది. జాంబవ పురాణం, చిందు భాగవతం, కొలుపు పాటలు మాదిగల పోషణలో బతికినవి. సంఘం వాటిని విగ్రహారాధన కింద జమకట్టి, కీర్తనల పుస్తకం చేతికిచ్చింది. కీర్తన వల్ల అక్షరం అబ్బింది, బడి వచ్చింది, పుస్తకం చదివే తరం పుట్టింది. జాంబవ పురాణం విన్న తరం మాత్రం వినడం మానుకొంది. ఏది లాభం, ఏది నష్టం అని తూకం వేయడం కంటె, ఆ రెండూ ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కీ మధ్య జరిగాయని గమనించడం ముఖ్యం. జి. కల్యాణరావు నవల 'అంటరాని వసంతం' (2000) ఈ చరిత్రను చెప్పడానికి మిషనరీ రాకతో మొదలుపెట్టదు. వీధినాటకం ఆడిన మాల కళాకారుడు ఎల్లన్నతో మొదలుపెడుతుంది. ఎల్లన్న కొడుకు శివయ్య క్షామంలో ఊరు విడిచి, కాలువ పనుల దాకా నడిచి, సిమోను అవుతాడు. మిషను నివేదికల్లో అటువంటి సిమోను బాప్తిస్మం తేదీ నుంచే పుడతాడు. నవలలో అతనికి తండ్రి ఉన్నాడు, తండ్రికి పాట ఉంది.